టేకు మీద నిలిచే వాదర: రంద బ్లేడును రాళ్ల మీద నూరి మెరుగుపెట్టే పద్ధతి

టేకు చేతికి లొంగినట్టే ఉంటుంది, కానీ పనిముట్టు వాదరను తినేస్తుంది. చెట్టు పెరిగేటప్పుడు నేల నుంచి పీల్చుకున్న సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, చెక్క లోపల పేరుకుని ఉంటుంది. చెక్కను నునుపు చేసే రందను తోసిన ప్రతిసారీ ఆ సన్నటి గట్టి రేణువులు బ్లేడు అంచును అరగదీస్తూ పోతాయి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరోంచ, అంకీసా, ఆసరెల్లి, అహేరి, ఆలాపల్లి వైపు వడ్రంగి చేతికి ఎక్కువగా వచ్చేది ఈ చెక్కే. 2023లో అయోధ్య రామమందిరానికి మన పక్క చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా డిపో నుంచి టేకు వెళ్లింది. అంత మంచి చెక్క పుట్టే చోట ఉండి దాని మీద మొద్దు రంద తోస్తుంటే చూడడానికి బాధగా ఉంటుంది.

మొద్దు బ్లేడు చెక్కను కోయదు, చింపుతుంది. నార లేచిపోతుంది. అప్పుడు 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి గంటలు గంటలు రుద్దాలి. ఎంత రుద్దినా టేకు చారల్లో ఉండే సహజమైన మెరుపు కొంత మసకబారుతుంది. పదునైన రంద నుంచి వచ్చిన పలకకు గరుకు కాగితం అవసరమే ఉండదు. పాలిష్ వేయకముందే వెలుతురులో చారలు కదిలినట్టు కనిపిస్తాయి. ఎలక్ట్రిక్ ప్లానర్ వచ్చాక చేతి రంద మూలన పడింది గానీ, తలుపు రెక్క ఆఖరి నునుపుకీ, ప్లానర్ వదిలిన అలల గీతలు తీయడానికీ ఇప్పటికీ చేతి రందే దిక్కు.

ఈ వ్యాసం ఆ రంద బ్లేడు గురించి. కోస్తా వైపు చిత్రిక అన్నా, మన వైపు రంద అన్నా పని ఒకటే. ఇనుప రందకూ చెక్క రందకూ కూడా ఈ పద్ధతే పనికొస్తుంది.

పదును ఎక్కడ పుడుతుంది

బ్లేడుకు రెండు ముఖాలు. ఏటవాలుగా నూరిన వైపును వాలు అందాం, చదునుగా ఉన్న రెండో వైపును వీపు అందాం. ఈ రెండూ కలిసే గీతే వాదర. రెండు ముఖాలూ నునుపుగా ఉండి, మధ్యలో ఖాళీ లేకుండా కలిస్తేనే పదును. వీపు మీద గీతలు ఉంటే అవి వాదర దాకా వచ్చి అక్కడ సన్నటి గంట్లుగా తేలతాయి. అప్పుడు వాలును ఎంత మెరిపించినా ఆ గంట్లు పోవు.

మన వైపు చాలా చోట్ల వాలు మాత్రమే నూరుతారు. వీపును రాయి మీద రెండు సార్లు తుడిచి, అదీ కాస్త పైకి ఎత్తి తుడిచి, అయిపోయిందంటారు. బ్లేడు సగం పదునుతోనే బతకడానికి మొదటి కారణం ఇది. రెండో కారణం మధ్యలో గుంట పడిన రాయి. ఈ రెండూ సరిచేస్తే చాలు, ఇంట్లో ఉన్న మామూలు రాయితోనే పని చాలా వరకు మారిపోతుంది. ఖరీదైన రాళ్ల గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

ఏ రాళ్లు కావాలి

హార్డ్‌వేర్ షాపులో తేలిగ్గా దొరికేది రెండు వైపుల కార్బొరండం రాయి. సాధారణంగా 8 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉంటుంది. ఒక వైపు ముతక, ఒక వైపు సన్నం. కార్బొరండం అంటే సిలికాన్ కార్బైడ్. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ దీన్ని కరెంటు కొలిమిలో తయారు చేశాడు. మన దేశంలో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ 1954లో మొదలైంది. ఈ రాయి బ్లేడును వేగంగా తింటుంది, పడిన గంట్లు తీయడానికి బాగుంటుంది. కానీ దీని సన్నం వైపు కూడా, నూనె బదులు నీళ్లతో వాడే నీటి రాళ్లలో 1000 నంబరు కన్నా ముతకే. దీని మీదే ఆపేస్తే బ్లేడు కోస్తుంది గానీ టేకు మీద మెరుపు రాదు.

తర్వాతి మెట్టుకు నీటి రాళ్లు. నంబరు పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది. 1000 రాయి రేణువు సుమారు 14 మైక్రాన్లు, 8000 రాయి రేణువు ఒక మైక్రాన్‌కు కాస్త ఎక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వడ్రంగికి 1000, 6000 రెండు వైపులా ఉన్న ఒక్క రాయి చాలు. 8000 ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా ఇబ్బంది లేదు. ఇవి ఊళ్ల షాపుల్లో అరుదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

డబ్బు పెట్టలేనివాళ్లకు మూడో దారి ఉంది, నాకు అది బాగా నచ్చింది. అద్దాల షాపులో 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం ముక్క, అడుగు పొడవుది, అడిగి తీసుకోండి. అంచులు రుద్ది ఇవ్వమనండి, లేకపోతే చెయ్యి తెగుతుంది. ఆటోమొబైల్ షాపుల్లో దొరికే నల్ల వాటర్ పేపర్ 220, 400, 800, 1000, 2000 నంబర్లలో కొనండి. అద్దం మీద నీళ్లు చల్లి పేపర్ పరిస్తే అంటుకుంటుంది. అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి గుంట పడే బాధ లేదు. పేపర్ మీద మాత్రం బ్లేడును మీ వైపు లాగేటప్పుడే బరువు వేయండి. ముందుకు తోస్తే వాదర పేపర్‌ను చీరేస్తుంది.

ప్రాణహిత ఒడ్డున, గోదావరి లోయలో దొరికే ఇసుకరాయి మీద కొడవళ్లు, గొడ్డళ్లు నూరడం ఎప్పటి నుంచో ఉన్నదే. కొడవలికి అది చాలు. రంద బ్లేడుకు వద్దు. ఇసుకరాయిలో రేణువులు ఒకే సైజులో ఉండవు. ఒక్క ముతక రేణువు వాదర మీద గీసిన గీతను తీయడానికి మళ్లీ మొదటి నుంచి రావాలి.

నూనె విషయం: కార్బొరండం రాయికి పల్చటి నూనె కావాలి. కుట్టు మిషన్ నూనె మంచిది. అది చిక్కగా అనిపిస్తే కొంచెం కిరోసిన్ కలపండి, పక్కన పొయ్యి గానీ బీడీ గానీ లేకుండా చూసుకోండి. వంట నూనెలు వాడకండి. కొన్నాళ్లకు అవి రాయి రంధ్రాల్లో జిగురుగా గట్టిపడి, రాయి బ్లేడును తినడం మానేస్తుంది. చలికాలంలో గడ్డకట్టే ఇప్పనూనె అసలే పనికిరాదు. నీటి రాళ్లకు నీళ్లే, నూనె చుక్క కూడా తగలకూడదు. 1000 నంబరు రాళ్లను చాలా వాటిని పది నిమిషాలు నానబెట్టాలి, బుడగలు ఆగితే సిద్ధమైనట్టు. సన్న రాళ్లను పైన నీళ్లు చల్లి వాడితే సరిపోతుంది. కొన్ని రాళ్లు నానబెడితే పగుళ్లు పడతాయి, కాబట్టి డబ్బా మీద రాసింది ముందు చదవండి.

మొదటి పని: రాయిని చదును చేయడం

రోజూ రాయి నడుమలోనే నూరితే నడుమ అరిగి గుంట పడుతుంది. ఆ గుంటలో నూరిన బ్లేడు వీపు ఎప్పటికీ చదును కాదు, వాదర కూడా వంకర తిరుగుతుంది. ఇనుప స్కేలును దాని అంచు రాయికి ఆనేలా నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపిస్తే గుంట ఉన్నట్టే. ఏళ్ల తరబడి ఇంట్లో ఉన్న రాయి అయితే చూడక్కర్లేదు, గుంట ఉంటుంది.

రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గళ్లు గీయండి. అద్దం మీద 120 లేదా 220 వాటర్ పేపర్ పరిచి, నీళ్లు పోసి, రాయిని బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. నడుమ మిగిలిన పెన్సిల్ గీతలు కూడా పోయాక చదును అయినట్టు. నీటి రాయి అయితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పాత కార్బొరండం రాయి గట్టిది, పేపర్లు చాలా పడతాయి. దానికి గచ్చు మీద నీళ్లు, శుభ్రమైన ఇసుక వేసి రుద్దితే మొదటి గుంట తొందరగా పోతుంది, ఆఖర్లో పేపర్ మీదకు రండి. నూనెతో నిండిన రాయిని ముందు కిరోసిన్‌లో బ్రష్‌తో కడగండి. చివరగా రాయి నాలుగు అంచులనూ కొంచెం మొద్దు చేయండి, లేకపోతే పెచ్చులు ఊడి బ్లేడు కింద పడతాయి.

నీటి రాళ్లు మెత్తగా ఉంటాయి, తొందరగా అరుగుతాయి. ఒక్క బ్లేడు నూరిన తర్వాతే మళ్లీ కాస్త చదును చేసుకునే అలవాటు పెట్టుకుంటే ఎప్పుడూ పెద్ద పని పడదు. నూరేటప్పుడు కూడా రాయి ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఎడమ నుంచి కుడి దాకా, అంతా వాడండి.

వీపు

కొత్త బ్లేడు కొన్నా, తాతల నాటి బ్లేడు దొరికినా, పని ఇక్కడే మొదలవుతుంది. కొత్త బ్లేడు వీపు కంటికి చదునుగా కనిపిస్తుంది గానీ, ఫ్యాక్టరీలో రుద్దిన గీతలు దాని మీద నిండా ఉంటాయి, ఒక్కోసారి వంపు కూడా ఉంటుంది.

వీపు మొత్తం చదును చేయాల్సిన పని లేదు. వాదర పక్కన ఒకటి, రెండు సెంటీమీటర్ల మేర చాలు. ఆ మేర మీద మార్కర్ పెన్‌తో రంగు పూయండి. 1000 రాయి మీద, లేదా బ్లేడు బాగా పాడై ఉంటే 220 పేపర్ మీద, వీపును అడ్డంగా పెట్టండి. బ్లేడు ముందు భాగం రాయి మీద, వెనక భాగం మీ చేతిలో ఉండాలి. వాదరకు సరిగ్గా పైన రెండు వేళ్లతో నొక్కి ముందుకూ వెనక్కూ జరపండి. వెనక చెయ్యి ఒక్క వెంట్రుక మందం పైకి లేచినా వీపు అంచు గుండ్రబడుతుంది, అది సరిచేయడానికి చాలా సేపు పడుతుంది. కాబట్టి వెనక చేత్తో బ్లేడును రాయి మీద నుంచి లేపకుండా నడిపించడమే చేయండి, బ్లేడును రాయికి ఆనించి నొక్కే పని ముందు వేళ్లకు వదిలేయండి.

కాసేపు రుద్ది తుడిచి చూడండి. మార్కర్ రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ రాయి తగలలేదని అర్థం. నడుమ మిగిలితే ఫర్వాలేదు, వాదర గీత వెంబడి మిగిలితే మాత్రం ఆపకూడదు. మొత్తం వెడల్పునా వాదర పక్కన రంగు పోయే వరకు అదే రాయి మీద ఉండండి. తర్వాతి సన్న రాయికి తొందరపడి వెళ్లకండి. ముతక రాయి చేయాల్సిన పనిని సన్న రాయి చేయలేదు, ఎంతసేపు రుద్దినా లోతు గీత అలాగే మెరుస్తూ ఉంటుంది.

ముతక రాయి గీతలన్నీ ఒకే రకంగా వచ్చాక బ్లేడునూ చేతులనూ కడుక్కుని 6000 మీదకు రండి. ఈసారి దిశ కాస్త మార్చి రుద్దండి. పాత గీతలు, కొత్త గీతలు వేరువేరు దిక్కుల్లో ఉంటాయి కాబట్టి పాతవి ఎప్పుడు పోయాయో కంటికి తెలుస్తుంది. ట్యూబ్ లైట్ కింద పట్టి చూస్తే వాదర పక్కన లైటు గీత స్పష్టంగా కనిపించాలి. ఒక్కసారి ఇంత చేస్తే ఈ బ్లేడుకు మళ్లీ ఇంత పని పడదు. ఇక ముందు వీపును సన్న రాయి మీద తప్ప ముతక రాయి మీద పెట్టకండి.

వీపు చాలా వంకరగా ఉన్న పాత బ్లేడుకు ఒక ఉపాయం ఉంది. అర మిల్లీమీటరు మందం ఉన్న పల్చటి ఇనుప స్కేలును సన్న రాయి ఒక అంచున పొడవునా పెట్టండి. బ్లేడు వెనక భాగాన్ని స్కేలు మీద, వాదరను రాయి అవతలి అంచు దగ్గర ఆనించి కొన్ని సార్లు రుద్దండి. బ్లేడు ఒక డిగ్రీ కన్నా తక్కువే లేస్తుంది, వాదర పక్కన సన్నటి పట్టీ మాత్రమే మెరుస్తుంది. రంద బ్లేడుకు ఇది చక్కగా సరిపోతుంది. ఉలికి మాత్రం చేయకండి. ఉలి వీపు చెక్కకు ఆనుకుని నడవాలి, అక్కడ ఈ వాలు వస్తే ఉలి దారి తప్పుతుంది.

వాలు: ఎంత కోణం

మామూలు రందలో బ్లేడు 45 డిగ్రీల వాలులో, నూరిన ముఖం కిందికి వచ్చేలా కూర్చుంటుంది. వాలును 25 డిగ్రీలకు నూరి, కొసన సన్నటి పట్టీ మేర 30 డిగ్రీలకు మెరుగుపెట్టడం చాలా మంది అనుసరించే పద్ధతి. టేకు, ఏగిస, నల్లమద్ది లాంటి చెక్కలకు నేను కొసను 32, 33 డిగ్రీల దాకా తీసుకెళ్లమంటాను. కోణం పెరిగితే వాదర వెనక ఉక్కు కాస్త ఎక్కువ ఉంటుంది, చిట్లడం తగ్గుతుంది. అంతకు మించి వద్దు. 45లో 33 పోతే మిగిలేది 12 డిగ్రీలు. చెక్కకూ వాలుకూ మధ్య ఆ మాత్రం ఖాళీ లేకపోతే బ్లేడు కోయకుండా చెక్క మీద జారుతుంది.

కోణం కొలవడానికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు, స్కేలు చాలు. వాలు పొడవు బ్లేడు మందానికి సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలు. మందానికి సుమారు 2.4 రెట్లు ఉంటే 25 డిగ్రీలు. అంటే 2 మిల్లీమీటర్ల ఇనుప రంద బ్లేడుకు 25 డిగ్రీల వాలు దగ్గరదగ్గర 4.7 మిల్లీమీటర్లు వస్తుంది. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క రంద బ్లేడుకు తొమ్మిదిన్నర వస్తుంది.

వాదరలో పెద్ద గంటు పడితే, లేదా వాలు మరీ గుండ్రబడితే గ్రైండర్ మీదకు వెళ్లాలి. అక్కడ ఒక్క జాగ్రత్త. మామూలు హైకార్బన్ ఉక్కును గట్టిపరిచాక, పెళుసుతనం తగ్గడానికి సుమారు 200 డిగ్రీల వేడికి మళ్లీ కాచి ఉంటారు, దీన్నే టెంపర్ చేయడం అంటారు. గ్రైండర్ మీద కొస నీలం రంగుకు తిరిగిందంటే 300 డిగ్రీల దాకా వేడెక్కినట్టు. అంత మేర ఉక్కు మెత్తబడింది, ఎంత నూరినా పదును నిలవదు. ఆ నీలం భాగాన్ని మొత్తం తీసేయాల్సిందే. పక్కనే నీళ్ల డబ్బా పెట్టుకుని, చక్రానికి ఒక్క క్షణం తాకించి, నీళ్లలో ముంచి, మళ్లీ తాకించాలి. బ్లేడును ఒట్టి వేళ్లతో పట్టుకోండి, వేళ్లకు వేడి తెలిసిన వెంటనే ముంచండి. చేత్తో తిప్పే గ్రైండర్ ఉంటే ఈ పనికి అదే మేలు. కంటికి అద్దాలు మాత్రం తప్పనిసరి.

బ్లేడు ఎక్కడ తయారైందన్నదీ చూసుకోండి. లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టిచ్చిన బ్లేడు కాస్త మెత్తగా ఉంటుంది. తొందరగా మొద్దుబారుతుంది, అంతే తొందరగా నూరుకుంటుంది. దాన్ని మొత్తం 30 డిగ్రీలకే ఉంచండి. ఎలక్ట్రిక్ ప్లానర్ పాత బ్లేడుతో చేసుకున్నది హైస్పీడ్ స్టీల్ అయితే మామూలు రాయి దాన్ని సరిగ్గా తినదు, వజ్రపు పొడి అతికించిన డైమండ్ ప్లేటు కావాలి.

రాయి మీద వాలు

కొత్తగా నేర్చుకునేవాళ్లు హోనింగ్ గైడ్ వాడితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చక్రం మీద నడిచే చిన్న బిగింపు ఇది. బ్లేడును పక్కల నుంచి బిగించే మామూలు రకంలో, రంద బ్లేడు గైడ్ ముందుకు 38 మిల్లీమీటర్లు బయటికి ఉంటే 30 డిగ్రీలు, 50 మిల్లీమీటర్లు ఉంటే 25 డిగ్రీలు వస్తాయి. చెక్క పలక మీద ఆ రెండు కొలతలకు చిన్న ముక్కలు మేకులతో బిగించి పెట్టుకుంటే ప్రతిసారీ స్కేలు వెతకక్కర్లేదు.

చేత్తో నూరేవాళ్లు ముందు వాలును రాయి మీద ఆనించి, కొంచెం ముందుకూ వెనక్కూ ఊపి, చదునుగా కూర్చున్న చోటును వేళ్లతో గుర్తుపట్టాలి. తర్వాత మణికట్టు బిగించి, మోచేతులు, నడుము కదిలించి నూరాలి. మణికట్టు ఆడితే వాలు గుండ్రబడుతుంది. ముందుకు వెనక్కి కష్టంగా అనిపిస్తే బ్లేడును పక్కకు తిప్పి, రాయి పొడవునా అడ్డంగా నడపండి. ఆ దిశలో బ్లేడు తక్కువ ఊగుతుంది.

ఎంతసేపు నూరాలి? గడియారం చెప్పదు, బ్లేడు వీపు చెబుతుంది. వాలు పూర్తిగా వాదర దాకా నూరుకుంటే, ఉక్కు సన్నటి పొరగా వీపు వైపుకు మడత పడుతుంది. దీన్నే బర్ అంటారు. వీపు మీద నుంచి వాదర వైపు, బయటికి, వేలు మెల్లగా తుడిచి చూడండి. గరుకుగా తగులుతుంది. వాదర వెంబడి వేలు ఎప్పుడూ నడపకండి. "కాకా, ఇంక ఎంతసేపు రుద్దాలె?" అని పనిలో చేరిన పిల్లగాడు అడిగితే, "వేలికి తగులుతుందా బిడ్డా? ఈ మూల నుంచి ఆ మూల దాకా తగలాలె" అని చెప్పడమే సరైన జవాబు. ఒక మూల తగిలి, ఇంకో మూల తగలకపోతే పని సగమే అయినట్టు. బర్ రాకుండా సన్న రాయికి వెళ్తే మొద్దు వాదరనే మెరిపిస్తున్నారు.

1000 మీద నిండా బర్ వచ్చాక బ్లేడు కడిగి 6000కు వెళ్లండి. ఇక్కడ వెనక చెయ్యి కాస్త ఎత్తి, లేదా గైడ్‌లో బ్లేడును కొంచెం వెనక్కి జరిపి, కొసను మాత్రమే మెరుగుపెట్టండి. సన్నటి మెరిసే గీత కనిపిస్తే చాలు, వాలంతా మెరవాల్సిన పని లేదు. ఈ చిన్న పట్టీ వల్లే తర్వాతిసారి పని కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. సన్న రాయి మీద బరువు తగ్గిస్తూ రావాలి. ఆఖరి కొన్ని తోపులు బ్లేడు సొంత బరువుకే వదిలేయండి. రాయి మీద తేలే నల్లటి చిక్కటి నీళ్లను ప్రతిసారీ కడిగేయకండి, అందులోని అరిగిన రేణువులు కూడా మెరుగుపెడతాయి. ఆరిపోతుంటే చుక్క నీళ్లు చల్లండి.

బర్ తీయడం

ఇక్కడ తొందరపడినవాళ్లు చేసిన పనంతా పోగొట్టుకుంటారు. బర్‌ను విరవకూడదు. విరిగితే వాదర చిరిగినట్టు మిగులుతుంది. అటూ ఇటూ సన్నగా తిప్పుతూ పలచబరచాలి. బ్లేడు వీపును 6000 మీద పూర్తిగా చదునుగా పెట్టి నాలుగైదు సార్లు లాగండి. బర్ వాలు వైపుకు తిరుగుతుంది. వాలును అదే కోణంలో రెండు, మూడు సార్లు మెల్లగా. మళ్లీ వీపు. ప్రతి విడతకూ బరువు తగ్గించండి. వేలికి రెండు వైపులా ఏమీ తగలనప్పుడు ఆపండి. 8000 రాయి ఉంటే ఇదే వరుస దాని మీద ఇంకొకసారి.

తర్వాత తోలు. పాత బెల్టు తోలు ముక్కను, లోపలి గరుకు వైపు పైకి వచ్చేలా చదునైన చెక్కకు అతికించండి. స్టీలు పాలిష్ చేసే షాపుల్లో దొరికే ఆకుపచ్చ పాలిష్ కడ్డీని దాని మీద రాయండి. ఆ ఆకుపచ్చకు కారణం క్రోమియం ఆక్సైడ్, అది చాలా సన్నటి మెరుగు ఇస్తుంది. బ్లేడును వెనక్కి మాత్రమే లాగాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. వాలు కొన్ని సార్లు, వీపు కొన్ని సార్లు. మెత్తటి తోలు మీద ఎక్కువ సేపు నొక్కి రుద్దితే వాదర గుండ్రబడుతుంది, కాబట్టి ఇది తక్కువ చేస్తేనే మంచిది.

పరీక్షకు చేతి వెంట్రుకలు గీయడం చాలామందికి అలవాటు. వెంట్రుకలు గీసిన బ్లేడు కూడా చెక్క మీద చారలు వదలొచ్చు. నమ్మదగిన పరీక్ష మెత్తటి చెక్క అడ్డకోత. పైన్ లేదా మామిడి ముక్క కొసను, నార తెగిన వైపు, బ్లేడుతో సన్నగా చెక్కండి. మొద్దు వాదర ఆ మెత్తటి నారను నలిపి పొడి చేస్తుంది. పదునైనది పొరగా తీసి, కింద నున్నటి మెరుపు వదులుతుంది. ఆ మెరుపులో తెల్లటి గీత ఏదైనా పడితే వాదరలో ఆ చోట గంటు ఉన్నట్టు.

బ్లేడు మూలలు, పై రేకు

నునుపు పట్టే రంద బ్లేడు వాదర తిన్నగా ఉంటే, పలక మీద ప్రతి తోపుకూ రెండు అంచుల్లో మెట్టు గీతలు పడతాయి. మెరుగుపెట్టేటప్పుడు ఎడమ మూల మీద వేలితో నొక్కి కొన్ని తోపులు, కుడి మూల మీద నొక్కి అన్నే తోపులు చేయండి. మూలలు కంటికి కనిపించనంత పలుచగా వెనక్కి వెళ్తాయి, గీతలు పోతాయి. దుంగ మొరటుతనం తీసే పెద్ద రందకు మాత్రం వాదరను కంటికి తెలిసేంత వంపుగా నూరుకోవచ్చు.

బ్లేడు మీద కూర్చునే పై రేకును చాలామంది పట్టించుకోరు. దాని కొస బ్లేడు వీపు మీద సందు లేకుండా కూర్చోవాలి. రెండింటినీ కలిపి వెలుతురుకు పట్టండి. సందు కనిపిస్తే రేకు కొసను రాయి మీద, వెనక భాగం కాస్త కిందికి దిగేలా పట్టి నూరండి. సందు ఉంటే టేకు పొర అందులోకి దూరి, రంద నోరు మూసుకుపోతుంది. మోటు పనికి రేకును వాదర నుంచి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర వెనక్కి ఉంచండి. నార తిరగబడే చోట, చెక్కలోని కణుపుల చుట్టూ, ఆఖరి నునుపు పట్టేటప్పుడు అర మిల్లీమీటరు కన్నా తక్కువకు దగ్గరికి తేవాలి. పొర లేచీ లేవగానే రేకు దాన్ని విరిచేస్తుంది, కింద నార చీలదు.

మళ్లీ ఎప్పుడు నూరాలి

టేకు పనిలో అసలు సూత్రం ఇదే: బాగా మొద్దుబారే దాకా ఆగకూడదు. తోయడానికి బలం ఎక్కువ పడుతుంటే, పొర బదులు పొడి వస్తుంటే, పలక మీద మెరుపు తగ్గితే బ్లేడు తీసి సన్న రాయి మీద, తోలు మీద కాసేపు మెరుగుపెట్టి మళ్లీ బిగించండి. 1000 దాకా వెళ్లాల్సిన పని రాదు. వారం రోజులు లాగించి ఒకేసారి గంట నూరడం కన్నా ఇది ఎంతో తేలిక, బ్లేడూ తక్కువ అరుగుతుంది. పాత తలుపులు విప్పి చేసే పనిలో మేకులు, సిమెంటు మరకలు ఉంటాయి. ఆ పలకను ముందు ఇనుప బ్రష్‌తో శుభ్రం చేయకుండా మంచి బ్లేడు పెట్టకండి.

వానాకాలంలో గోదావరి, ప్రాణహిత పొంగే రోజుల్లో మన వైపు గాలి నిండా తేమే. నీటి రాయి మీద నూరిన బ్లేడును గుడ్డతో తుడిచి అలా వదిలేస్తే రాత్రికి రాత్రే వాదర మీద తుప్పు చుక్కలు పడతాయి. వాదర మీద పడ్డ ఒక్క తుప్పు చుక్క ఒక గంటుతో సమానం. పూర్తిగా ఆరబెట్టి మిషన్ నూనె తడి గుడ్డతో రెండు ముఖాలూ తుడవండి. రాత్రి పూట బ్లేడును రంద లోపలికి లాగి ఉంచండి. నీటి రాళ్లను ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వండి. సన్న రాయిని మూత ఉన్న డబ్బాలో, ముతక రాయికి దూరంగా పెట్టండి. ముతక రాయి పెచ్చు ఒక్కటి 6000 మీద పడినా, తర్వాతిసారి నూరిన బ్లేడు మీద గీత వచ్చి తీరుతుంది.